రోడ్డు లేని ఊరికి కారు ప్రయాణం

నార్వేలో పూర్వీకుల ఊరు చూడ్డానికి వెళ్ళే జంటల ప్లాన్లు చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఓస్లోలో దిగడం, కారు తీసుకోవడం, ట్రోల్‌స్టీగెన్ ఘాట్ రోడ్డులో పదకొండు మెలికలు, గైరాంగెర్, ఫ్లోమ్ రైలు, బెర్గెన్, ఓపికుంటే దారిలో స్వీడన్, డెన్మార్క్ కూడా. పది రోజుల్లో రెండున్నర వేల కిలోమీటర్లు. ఆ మధ్యలో ఎక్కడో ఒక పూట "ముత్తాతగారి ఊరు". కారు పక్కన ఆపుతారు, ఊరి పేరున్న బోర్డు ముందు నిలబడి ఫోటో దిగుతారు, ఫెర్రీ టైమవుతోందని పరిగెడతారు. తమాషా ఏమిటంటే, ఆ బోర్డు ఒక్కోసారి వాళ్ళ ఊరిది కూడా కాదు. అదే పేరున్న ఇంకో ఊరిది.

ఈ ప్లాను తిరగేసి వేసుకోవాలన్నది నా పట్టు. ముందు పాత కాగితాల్లో పొలం దొరకాలి. ఆ పొలం చుట్టుపక్కల నాలుగు రోజులు నిలవాలి. అందమైన రోడ్లంటారా, అక్కడికి వెళ్ళొచ్చే దారిలో ఎన్ని పడితే అన్ని. పశ్చిమ నార్వేలో తల ఎటు తిప్పినా కొండా నీళ్ళే కాబట్టి అందం కోసం వేరే చుట్టు తిరగనక్కర్లేదు. రాజమండ్రిలో తాతగారి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు అదే వారంలో కశ్మీరు, కన్యాకుమారి కూడా పెట్టుకుంటే ఏమంటాం? "స్కాండినేవియా టూర్" అన్న మాటలో ఉన్న తిక్క అదే.

ఈ గొడవ మనకెందుకు అనుకోవచ్చు. మిన్నెసోటాలోనో విస్కాన్సిన్‌లోనో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళకు పక్క సీటులో నార్వే మూలాలున్న ఒక ఓల్సనో, ఒక లీయో, ఒక డాలో ఉంటారు. కొన్ని తెలుగు ఇళ్ళలో ఆ పేరు కోడలుగానో అల్లుడుగానో లోపలికే వచ్చేసింది. పైగా మనది ఊరి పేరే ఇంటిపేరుగా మోసే జాతి కాబట్టి, వాళ్ళ పేర్ల చిక్కు మనకు అర్థమైనంత తేలిగ్గా మిగతావాళ్ళకు కాదు.

ముండాల్ నుంచి మాండేల్

ఉదాహరణకు అందరికీ తెలిసిన మనిషినే తీసుకుందాం. వాల్టర్ మాండేల్. కార్టర్ దగ్గర అమెరికా ఉపాధ్యక్షుడు, 1984లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయినాయన. ఆయన ముత్తాత ఫ్యార్లాండ్ అనే చోటు నుంచి 1856లో అమెరికా వెళ్ళాడు. అక్కడి పొలం పేరు ముండాల్. అమెరికాలో నోళ్ళలో నాని అదే మాండేల్ అయింది.

ఫ్యార్లాండ్ ఎక్కడంటే, సోగ్నెఫ్యోర్డ్ లోపలి కొసల్లో ఒకటి. ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. సోగ్నెఫ్యోర్డ్ పొడవు 205 కిలోమీటర్లు, లోతు 1,300 మీటర్ల పైనే. దాని ఉత్తరపు కొమ్మ ఒకటి హిమానీనదాల కిందికి వెళ్ళి ఆగుతుంది. ఆ కొసనున్నదే ఫ్యార్లాండ్. పైన యోస్టెడాల్స్‌బ్రేన్, యూరప్ ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా పెద్ద మంచుమేట.

ఇప్పుడు ఆ ఊళ్ళో జనం ఫోటోలు తీసే వాటిని వరసగా చూడండి. తెల్లటి చెక్క చర్చి కట్టింది 1861లో, అంటే ఆ ముత్తాత వెళ్ళిపోయిన ఐదేళ్ళకు. నీటి ఒడ్డున ఉన్న ముచ్చటైన చెక్క హోటలు 1891ది. హిమానీనద మ్యూజియం 1991ది. పశువుల కొట్టాల్లో సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు అమ్మే "పుస్తకాల ఊరు" 1990లలో వచ్చింది. అసలు ఊరికి రోడ్డే 1986 దాకా లేదు. కొండను తొలిచి ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం వేశాకే ఉత్తరం వైపు నుంచి మొదటి కారు వచ్చింది. దాన్ని ప్రారంభించింది మాండేలే. దక్షిణాన సోగ్నడాల్ వైపు సొరంగం పడడానికి 1990ల మధ్య దాకా ఆగాల్సి వచ్చింది. 1986కు ముందు రాకపోకలన్నీ పడవ మీదే. చివరికి హిమానీనదం కూడా అప్పుడున్న చోట లేదు, అప్పట్లో ఇంకా కిందికి దిగి ఉండేది.

కారులో వెళ్ళి చుట్టూ చూసి "మావాళ్ళు చూసింది ఇదే" అనుకుంటే అందులో నిజం కొండ ఆకారం, నీళ్ళు, పొలం వాలు, ఇంతే. వాటిని పోల్చుకోవాలంటే ఆ వాలులో ఏ ముక్క ఎవరిదో తెలిసుండాలి. అది రోడ్డు మీద తెలిసేది కాదు.

పేరు చెప్పేది మనిషిని కాదు, పొలాన్ని

19వ శతాబ్దపు పల్లె నార్వేజియన్ పేరుకు మూడు ముక్కలు. పెట్టిన పేరు, తండ్రి పేరు, ఉంటున్న పొలం. ఊలె హాన్సెన్ ముండాల్ అంటే హాన్స్ కొడుకు ఊలె, ముండాల్ పొలంలో ఉండేవాడు. అతని చెల్లెలు హాన్సెన్ కాదు, హాన్స్‌డాటర్. ఊలె కొడుకు మళ్ళీ హాన్సెన్ కాదు, ఊల్సెన్. మూడో ముక్క మన ఇంటిపేరులా కనిపిస్తుంది గానీ అక్కడే తేడా. మన ఇంటిపేరు ఊరు మారినా మనతోనే వస్తుంది, వాళ్ళది చిరునామా. మనిషి పొలం మారితే పేరూ మారేది. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు అత్తవారి పొలం పేరు పెట్టుకునేవాడు. అన్నదమ్ములు ముగ్గురు మూడు పొలాల్లో ఉంటే మూడు వేర్వేరు పేర్లతో రిజిస్టర్లలో కనిపిస్తారు. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని నార్వేలో చట్టం వచ్చింది 1923లో. అమెరికా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది దానికి ముందే వెళ్ళిపోయారు. కొందరు తండ్రి పేరును, కొందరు పొలం పేరును అక్కడ ఇంటిపేరుగా ఖాయం చేసుకున్నారు. అధికారులు ఓడరేవులో పేర్లు మార్చేశారనే కథ ఊరూరా ఉంది గానీ నమ్మకండి. మార్చుకున్నది వాళ్ళే.

దీన్నుంచి రెండు ప్రమాదాలు. మొదటిది, బాక్కెన్ అంటే వాలు, హౌగెన్ అంటే దిబ్బ, వీక్ అంటే చిన్న అఖాతం, నెస్ అంటే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల. దిబ్బా వాలూ లేని పల్లె నార్వేలో ఎక్కడుంటుంది? ఆ పేర్లతో పొలాలు దేశం పొడుగునా ఉన్నాయి. మ్యాపులో పేరు కొట్టి మొదట వచ్చినదాని దగ్గరకు కారు తోలేవాళ్ళు దిగేది అక్కడే. రెండోది ఇంకొంచెం నొప్పి కలిగించేది. పొలం పేరు ఉందంటే ఆ పొలం వాళ్ళదని కాదు. పెద్ద పొలం అంచున గుడిసె వేసుకుని, చిన్న ముక్క సాగుచేసుకుంటూ, బదులుగా యజమానికి కూలిపని చేసే హుస్‌మన్ కుటుంబాలు ఉండేవి. కౌలుదారుకీ పాలేరుకీ మధ్యరకం అనుకోండి. వాళ్ళ పేరు చివరా అదే పొలం పేరు. అమెరికా ఓడ ఎక్కినవాళ్ళలో వీళ్ళు చాలామంది.

ఎందుకు ఎక్కారంటే లెక్క తేలిక. నార్వే జనాభా 1801లో దాదాపు 8.8 లక్షలు, 1900 నాటికి 22 లక్షలు దాటింది. సాగుకు పనికొచ్చే నేల దేశంలో మూడు శాతం లోపు. మన దగ్గర పొలం అన్నదమ్ముల మధ్య ముక్కలవుతుంది. అక్కడ ఊడెల్ హక్కు ప్రకారం పొలం పెద్దకొడుక్కి పోయేది, కూతుళ్ళకు సమాన హక్కు వచ్చింది 1970లలో. మిగతా పిల్లలకు దొరికేది చిన్న పరిహారం, లేదా హుస్‌మన్ గుడిసె, లేదా ఓడ టిక్కెట్టు. 1825 నుంచి నూరేళ్ళలో దాదాపు 8 లక్షల మంది వెళ్ళారు. ఈ సంగతి ముందే తెలిస్తే "మా పొలం" అని గర్వంగా దిగినవాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది తప్పుతుంది. ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్ళు పెద్దకొడుకు సంతతి కావచ్చు, కొనుక్కున్నవాళ్ళు కావచ్చు. మీ ముత్తాత వాళ్ళ ముత్తాత దగ్గర పనిచేసి ఉండొచ్చు.

కాగితాల పని, ప్రయాణానికి ఆరు నెలల ముందు

మొదలుపెట్టాల్సింది నార్వేలో కాదు, అమెరికా వైపు. లూథరన్ చర్చిల పాత రిజిస్టర్లు, సమాధి రాళ్ళు, నార్వేజియన్ భాషా పత్రికల్లో మరణవార్తలు. "నార్వేలో పుట్టాడు" అన్నది పనికిరాదు. పారిష్ పేరు, అంటే ఒక చర్చి పరిధిలోకి వచ్చే ప్రాంతం పేరు, కావాలి. పారిష్ లేకుండా ముందుకు పోతే ఎన్ని హాన్సెన్‌లు దొరికితే అందరూ మనవాళ్ళే.

పారిష్ చేతికొచ్చాక డిజిటల్‌ఆర్కివెట్. నార్వే జాతీయ ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటు, ఉచితం. చర్చి రిజిస్టర్ల స్కాన్లు, 1801, 1865, 1875, 1891, 1900, 1910, 1920 జనగణనలు పేరు పేరునా ఉంటాయి. నూరేళ్ళ గోప్యత ఉంది కాబట్టి 1920 తర్వాతవి వెతకడం దండగ. పేరు స్పెల్లింగు మీద నమ్మకం పెట్టుకోకుండా, నక్షత్రం గుర్తు వాడి మొదటి మూడక్షరాలతో వెతకాలి. "ఓ" అని పలికే ఇప్పటి å అక్షరం పాత పుస్తకాల్లో aa అని జంటగా ఉంటుంది.

1865 జనగణన అన్నిటికన్నా రుచికరమైనది. మనిషి, వయసు, పుట్టిన పారిష్‌తో ఊరుకోరు. ఆవులెన్ని, గొర్రెలెన్ని, మేకలెన్ని, బార్లీ, ఓట్లు, బంగాళాదుంపలు ఎంత విత్తారు అన్నీ రాశారు. పక్కన హోదా ఉంటుంది. సెల్ఫ్‌ఐయర్ అంటే సొంత రైతు, లైలెండింగ్ అంటే కౌలు రైతు, హుస్‌మన్ "మెద్ యూర్" అంటే ముక్క భూమి ఉన్నవాడు, "ఉతెన్ యూర్" అంటే అదీ లేనివాడు. రెండు ఆవులూ ఆరుగురు పిల్లలూ ఉన్న వరస చూస్తే ఓడ ఎందుకు ఎక్కారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

చర్చి రిజిస్టర్లలో బాప్టిజం, కన్ఫర్మేషన్, పెళ్ళి, ఖననం, వీటితోపాటు ఊరు విడిచినవాళ్ళ జాబితా వేరే ఉంటుంది. పాత జర్మన్ గోథిక్ దస్తూరీ మొదట్లో చీమలు పాకినట్టే ఉంటుంది. రోజుకో గంట చొప్పున రెండు వారాలు చూస్తే తేదీలు, పేర్లు, పొలాలు వరకూ చదవగలుగుతారు, కావలసింది అంతే. బాగా పాతవాటిలో తేదీకి బదులు చర్చి పండగ ఉంటుంది, "త్రిత్వం తర్వాత మూడో ఆదివారం" అన్నట్టు. ఆ ఏటి ఈస్టర్ ఎప్పుడో చూసి లెక్కకట్టాలి. ఇద్దరు ఊలె హాన్సెన్‌లు ఒకే ఏడు పుట్టి ఉంటే తేల్చేది బాప్టిజం సాక్షులు. సాక్షులుగా వచ్చేది బంధువులూ ఇరుగుపొరుగూ. వాళ్ళ పొలాల పేర్లు కూడా పక్కనే ఉంటాయి. అవి మన పొలానికి దగ్గరైతే మనవాడే.

ఇక్కడ చాలామంది తప్పిపోయే మలుపు ఒకటుంది, పాలనా హద్దులు. ఫ్యార్లాండ్ పాత రికార్డులు లైకాంగెర్ పేరు కింద, తర్వాత బాలెస్ట్రాండ్ కింద ఉంటాయి. 2000లో ఆ ఊరు సోగ్నడాల్ మున్సిపాలిటీలోకి వచ్చింది. 2020లో లైకాంగెర్, బాలెస్ట్రాండ్ కూడా సోగ్నడాల్‌లోనే కలిశాయి, జిల్లా పేరు వెస్ట్‌లాండ్ అయింది. ప్రతి పొలానికీ మన సర్వే నంబరు లాంటి జంట నంబరు ఉంటుంది. గార్డ్ నంబరు అసలు పొలానిది, బ్రూక్ నంబరు దానిలో చీలిన వాటాది. ప్రభుత్వ మ్యాపు సైటు నోర్గెస్‌కార్ట్‌లో ఆ నంబరు కొడితే హద్దులు గీతలతో సహా వస్తాయి. అయితే మున్సిపాలిటీలు కలిసినప్పుడు చాలాచోట్ల నంబర్లు మార్చారు. పాత పుస్తకంలో దొరికిన నంబరు నేరుగా కొట్టి, వచ్చిన పొలాన్ని చూసి మురిసిపోకూడదు. పేరూ నంబరూ రెండూ సరిపోవాలి.

చివరిది బిగ్డెబోక్. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం రాసుకున్న పొలాల చరిత్ర. ఒక్కో పొలంలో తరతరాలుగా ఎవరున్నారు, ఎవరు అమెరికా వెళ్ళారు అన్నది వరసగా ఉంటుంది. నార్వే జాతీయ గ్రంథాలయం వీటిలో చాలావాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది గానీ, కొన్ని నార్వే ఇంటర్నెట్ నుంచి మాత్రమే తెరుచుకుంటాయి. ఇంట్లో కూర్చుని తెరవబోతే తాళం. హైదరాబాదులోనైనా మినియాపోలిస్‌లోనైనా అంతే. అందుకే మొదటి రాత్రి బెర్గెన్ హోటల్లో వైఫై దొరకగానే చెయ్యాల్సిన పని చేపల మార్కెట్టుకు పరిగెత్తడం కాదు. ఆ పుస్తకం తెరిచి కావలసిన పేజీలు చూసుకోవడం.

వెళ్ళాక ఏం దొరకదు

సమాధి దొరకదు. నార్వేలో సమాధి స్థలం శాశ్వతం కాదు. కనీసం ఇరవై ఏళ్ళు ఉంచుతారు, ఆ తర్వాత కుటుంబం రుసుము కట్టి పొడిగించుకోకపోతే స్థలం ఇంకొకరికి పోతుంది, రాయి తీసేస్తారు. 1880లో పోయిన ముత్తవ్వ పేరు కోసం గంటలు గంటలు గడ్డిలో తిరిగే జంటలకు ఈ ఒక్క వాక్యం ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది.

ఇల్లు దొరుకుతుందా అంటే, దొరికినా అది అక్కడిది కాకపోవచ్చు. పశ్చిమ నార్వేలో ఒకప్పుడు ఐదారు కుటుంబాల ఇళ్ళూ కొట్టాలూ ఒకే గుంపుగా ఉండేవి. చేలు పట్టీలు పట్టీలుగా కలగలిసి ఉండేవి. 19వ శతాబ్దంలో భూముల పునర్విభజన వచ్చి ఎవరి చేను వారికి ఒకచోట చేర్చినప్పుడు ఇళ్ళు కూడా కదిలాయి. దుంగల ఇల్లు కాబట్టి దుంగకో గుర్తు వేసి విప్పి ఇంకోచోట మళ్ళీ పేర్చుకునేవారు. ఆ పాత గుంపు ఎలా ఉండేదో చూడాలంటే హార్డాంగెర్‌లో ఆగాటునెట్, ఊస్టెరోయ్ దీవిలో హావ్రోటునెట్ మిగిలి ఉన్నాయి. నా లెక్కలో గైరాంగెర్ ఒక రోజు తీసేసి వీటిలో ఒకటి పెట్టుకోవడం మేలు. హుస్‌మన్ గుడిసైతే నాలుగు రాళ్ళ పునాది, పక్కన కోతకు గురైన చిన్న చదును, అంతే మిగిలి ఉంటుంది. బిగ్డెబోక్‌లో పేరు, ఊళ్ళో ఎవరో ఒక పెద్దాయన చేయి చూపించడం, రెండూ ఉంటేనే అది కనబడుతుంది.

ఇక చేలో నడవడం. నార్వేలో ఎక్కడైనా నడవచ్చు అని జనం విని ఉంటారు. 1957 నాటి చట్టం ఇచ్చిన ఆ హక్కు అడవికీ కొండకూ బీడుకూ. సాగుచేసే చేను, గడ్డి మడి, ఇంటి ముంగిలి అందులోకి రావు. గడ్డి మడిలో నేల గడ్డకట్టినప్పుడో మంచు కప్పినప్పుడో నడవచ్చు, అదీ ఏప్రిల్ 30 నుంచి అక్టోబర్ 14 దాకా కుదరదు. సరిగ్గా యాత్రికులు వచ్చే కాలం అదే. ముత్తాత దున్నిన చేలో కాలు పెట్టాలన్న కోరిక సహజమే. కానీ అది ఆ రైతు పశువులకు చలికాలపు మేత. అడిగితే దాదాపు ఎవరూ కాదనరు.

దారి

ఫ్యార్లాండ్‌నే గమ్యం అనుకుంటే బెర్గెన్‌లో దిగడం తెలివైన పని. ఇ16 హైవే మీద వోస్, గుడ్వాంగెన్, ఫ్లోమ్, అక్కడి నుంచి లార్డాల్ సొరంగం, ఫోడ్నెస్ దగ్గర ఫెర్రీ ఎక్కి పావుగంటలో మాన్‌హెల్లెర్, సోగ్నడాల్, చివరి సొరంగం దాటితే ఫ్యార్లాండ్. మొత్తం 250 కిలోమీటర్ల పైచిలుకు. మన హైవే లెక్కన మూడు గంటలు అనిపిస్తుంది. ఐదు పెట్టుకోండి, ఆగి చూస్తూ పోతే ఏడు. ఊరి బయట మామూలు వేగ పరిమితి గంటకు 80, ఊళ్ళలో 50 లేదా తక్కువ. మలుపుల్లో ఆ 80 కూడా కాగితం మీదిదే. రోజుకు 250 దాటితే నడిపేవాళ్ళకు రోడ్డు తప్ప ఇంకేమీ కనిపించదు.

లార్డాల్ సొరంగం 24.5 కిలోమీటర్లు, 2000లో తెరిచారు. లోపల ఇరవై నిమిషాలు ఒకేలా ఉంటే డ్రైవరు నిద్రలోకి జారతాడని మధ్యలో మూడు చోట్ల పెద్ద గుహల్లా తొలిచి నీలం దీపాలు పెట్టారు. టోలు లేదు. వెళ్ళేటప్పుడు సొరంగంలో వెళ్ళి, ఇంకోరోజు దాని పైనున్న పాత రోడ్డు, అంటే 1,306 మీటర్ల ఎత్తు దాటే ఔర్లాండ్స్‌ఫ్యెల్లెట్ మీదుగా రండి. జూన్‌లో కూడా రోడ్డుకు ఇరువైపులా మంచు గోడలు ఉంటాయి. జూన్ మొదలు కాకముందు ఆ రోడ్డు సాధారణంగా మూసే ఉంటుంది.

తిరుగు దారి వేరే ఉంటే ఇంకా మంచిది. ఫ్యార్లాండ్ నుంచి ఉత్తరంగా షైయ్, గౌలార్‌ఫ్యెల్లెట్ మీదుగా డ్రాగ్స్‌వీక్, ఫెర్రీలో వాంగ్స్‌నెస్, వీక్ ఊరు, అక్కడి నుంచి కొండ దాటి వోస్, బెర్గెన్. వీక్‌లో 12వ శతాబ్దపు హోప్పెర్‌స్టాడ్ స్తంభాల చర్చి ఉంది. దానికి నకలు ఒకటి మిన్నెసోటాలోని మూర్‌హెడ్‌లో కట్టుకున్నారు వలసవెళ్ళినవాళ్ళ వారసులు.

కొండ రోడ్ల మీద ఒక్కదాని మీదే ఆశలు పెట్టుకోకూడదు. ట్రోల్‌స్టీగెన్‌ను 2024లో రాళ్ళు పడుతున్నాయని సీజను మధ్యలోనే మూసేశారు. సొరంగాల మరమ్మతులు రాత్రిళ్ళు చేస్తారు, పదకొండు గంటలకు గేటు ముందు నిలబడి ప్రయోజనం లేదు. రోడ్డు తెరిచి ఉందో లేదో 175కు ఫోన్ చేస్తే చెబుతారు.

నడపడంలో మనవాళ్ళకు కొత్తగా అనిపించేవి కొన్ని. పగలైనా లైట్లు వెలగాలి. పసుపు డైమండ్ బోర్డు లేని రోడ్డులో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళదే ముందు హక్కు, అది సందులోంచి వచ్చే ట్రాక్టరైనా సరే. ఒక కారు పట్టే రోడ్లలో "ఎం" అక్షరమున్న నీలం బోర్డు దగ్గర వెడల్పు ఉంటుంది. ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి పోవాలి. వెనక్కి తోలడం రానివాళ్ళు ఫ్యోర్డ్ అంచున నేర్చుకోవాలనుకోవద్దు. దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది, గేరు తగ్గించాలి. ఎలక్ట్రిక్ కారైతే ఈ బాధ తక్కువ, ఎక్కేటప్పుడు కరిగిన ఛార్జీలో కొంత దిగేటప్పుడు తిరిగొస్తుంది కూడా. చలిగా ఉన్న రోజు సొరంగంలోకి దూరగానే అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది. వైపరు, బ్లోయరు ముందే సిద్ధంగా ఉంచుకోండి, నల్లకళ్ళజోడు తీసేయండి. కొన్ని సొరంగాల్లో రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కకడతారు, కెమెరా దగ్గర తగ్గించి తర్వాత పెంచే మన తెలివి అక్కడ పనిచేయదు. మద్యం పరిమితి 0.02 శాతం, అంటే ఒక్క బీరు కూడా వద్దనే. రోడ్డు మధ్య పడుకున్న గొర్రెలు హారన్‌కు లేవవు.

టోలుకు ఎక్కడా ఆగనక్కర్లేదు. కెమెరా నంబరు ప్లేటు చదివేస్తుంది, చాలా ఫెర్రీల్లో కూడా ఇదే పద్ధతి. బిల్లు అద్దె కారు కంపెనీ ద్వారా కొన్ని వారాల తర్వాత వస్తుంది. అది చూసి ఉలిక్కిపడకుండా బడ్జెట్‌లో ముందే ఓ గీత గీసుకోండి. కారు తీసుకునేటప్పుడు చక్రాల రిమ్ములూ అద్దాలూ ఫోటో తీసి పెట్టుకోవాలి, ఇరుకు రోడ్లలో గీతలు పడేది అక్కడే. రెండో డ్రైవరు పేరుకు అదనంగా కట్టాల్సి వచ్చినా కట్టండి, ఎందుకో కింద చెప్తాను. భారతీయ లైసెన్సు ఉన్నవాళ్ళు అంతర్జాతీయ పర్మిట్ పట్టుకెళ్ళడం మంచిది. భారత పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్ళకు అమెరికా గ్రీన్ కార్డున్నా షెంగెన్ వీసా తప్పదు. భార్యాభర్తల్లో ఒకరికి అమెరికా పాస్‌పోర్టు ఉండి రెండోవారికి లేనప్పుడు ఈ సంగతి టిక్కెట్లు కొన్నాక గుర్తొస్తుంది.

ఆదివారం పెద్ద కిరాణా దుకాణాలు మూత. శనివారమే రొట్టె, చీజు, పండ్లు కొని పెట్టుకోవాలి. జూలై రెండో సగంలో దేశమంతా సెలవుల్లో ఉంటుంది. కాగితాలు వెతికిపెట్టే గ్రంథాలయం మనిషి కూడా తన కొండ గుడిసెలో ఉంటాడు, ఫెర్రీ దగ్గర మాత్రం క్యూలు. జూన్ మొదటి మూడు వారాలో, ఆగస్టు చివరో ఎంచుకోండి.

ఇద్దరి పని

మూలాలు ఒకరివి, ప్రయాణం ఇద్దరిదీ. రెండోవారికి మూడో చర్చి దగ్గర ఆవలింతలు రావడం సహజం. దీనికి "సర్దుకుపోవడం" అనే మందు పనిచెయ్యదు, పని పంచుకోవాలి. కాగితాల పని మూలాలున్నవారిది. రోడ్డు, ఫెర్రీ, బస రెండోవారివి. ఊరికి చేరే చివరి ముప్పై కిలోమీటర్లు మాత్రం మూలాలున్నవారు స్టీరింగు పట్టుకోకూడదు. కళ్ళు కొండ వాలు మీద ఉంటాయి, రోడ్డు మీద ఉండవు. రెండో డ్రైవరుకు డబ్బు కట్టమన్నది అందుకే.

కారును ఒకరోజు వదిలెయ్యాలి కూడా. వేసవిలో బాలెస్ట్రాండ్ నుంచి ఫ్యార్లాండ్‌కు ప్రయాణికుల పడవ నడుస్తుంది. సొరంగంలోంచి వస్తే ఊరు ఉన్నట్టుండి కళ్ళముందు పడుతుంది. పడవలో వస్తే ముందు హిమానీనదం తెలుపు, తర్వాత కొండ సందు, తర్వాత పచ్చటి వాలు మీద చుక్కల్లా ఇళ్ళు. తిరిగి వెళ్ళేటప్పుడు అదే వరస వెనక్కి చెరిగిపోతుంది. 1856లో వెళ్ళిపోయినవాళ్ళు ఊరిని చివరిసారి చూసింది ఈ వైపు నుంచే. యాత్ర మొత్తంలో వాళ్ళు చూసినదాన్ని వాళ్ళు చూసిన కోణం నుంచి చూసే చోటు ఇదొక్కటే, దీన్ని వదిలేసి సొరంగాల్లో ఆదా చేసిన గంటతో ఏం చేస్తారో నాకు తెలియదు.

ఇప్పుడు పొలంలో ఉన్నవాళ్ళకు ఆరు వారాల ముందు ఉత్తరం రాయాలి. స్థానిక చరిత్ర సంఘం, వాళ్ళ భాషలో హిస్టూరీలాగ్, ద్వారా అయితే ఇంకా మంచిది. నాలుగు వాక్యాలు చాలు: ఎవరి సంతతి, ఏ ఏడు వెళ్ళారు, ఏ రోజు వస్తాం, ఎంతసేపు. చెప్పిన సమయానికి రావాలి, గుమ్మంలో చెప్పులు విడవాలి. ఇది మనకు నేర్పక్కర్లేదు. కాఫీ, వాఫుల్స్ వస్తాయి. వాటికి బదులు అమెరికా చాక్లెట్ల కన్నా విలువైనది మీ దగ్గరుంది. వలసవెళ్ళినవాళ్ళ కథలో రెండో సగం వాళ్ళకు తెలియదు. నార్వే నుంచి వెళ్ళిన ఉత్తరాల నకళ్ళు, అమెరికాలో దిగిన మొదటి ఫోటోలు, పిల్లల వంశవృక్షం, అన్నీ ముద్రించి ఒక కవరు ఇంటివాళ్ళకు, ఒకటి చరిత్ర సంఘానికి ఇవ్వండి.

ఆ కాగితాల మీద తేదీలు రాసేటప్పుడు నెలను అంకెలో వెయ్యకండి, పేరుతో రాయండి. నార్వేలో రోజు ముందు, అమెరికాలో నెల ముందు. మొదటి వలస ఓడ రెస్టౌరేషన్ 52 మందితో స్టావాంగెర్ రేవు వదిలింది 4/7/1825న. నార్వేవాళ్ళు దాన్ని జూలై 4 అని సరిగ్గా చదువుతారు. అమెరికాలో ఉన్న మీ మనవరాలికి అది ఏప్రిల్ 7 అవుతుంది.